కప్పు లేని బండి

"ఇంత దూరం వచ్చి, ఇన్నేండ్లు కొలువు చేసి, ఆఖరికి కప్పు లేని బండి కొన్నవా?"

పోయిన మే నెలలో మా గరాజులో నిలబడి మా నాయిన నన్నడిగిన మొదటి ప్రశ్న ఇది. రెండో ప్రశ్న ఇంకా ఘోరం. "రెండే సీట్లున్నయి. మరి పిల్లలు?"

నాదగ్గర రెండింటికీ జవాబు లేదు. మా ఆవిడ నాలుగేళ్ళుగా ఇవే ప్రశ్నలు అడుగుతోంది. ఆ రోజు మామగారి నోటి నుంచి కూడా అవే వినేసరికి నా వైపు చూసి కళ్ళెగరేసి లోపలికి వెళ్ళిపోయింది.

సంగతేంటంటే, నాకో 1992 మాజ్దా మియాటా ఉంది. ఎర్రది. గుడ్డ టాపు. ఈ బండి గురించి తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. 1960లలో ఇంగ్లండు వాళ్ళు ఎంజీ, ట్రయంఫ్, లోటస్ ఎలాన్ అని చిన్న చిన్న రెండు సీట్ల ఓపెన్ కార్లు చేసేవారు. చూడ్డానికి ముచ్చటగా ఉండేవి. కాకపోతే కింద నుంచి ఆయిలు కారడం, పైనుంచి వాన కారడం వాటికి మామూలు. డెబ్భైలు ముగిసేసరికి ఆ జాతి దాదాపు అంతరించిపోయింది. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ కార్ల విలేఖరి, మాజ్దాలో పెద్ద ఇంజినీరైన కెనిచి యమామొటోతో మాట్లాడుతూ "అలాంటి చవకైన తేలిక బండి మీరెందుకు చెయ్యకూడదు?" అన్నాట్ట. పదేళ్ళు పట్టింది. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మియాటాని బయటపెట్టారు. జపాన్‌లో దాని పేరు యూనోస్ రోడ్‌స్టర్, మిగతా చోట్ల ఎంఎక్స్-5. 2016లో పది లక్షలో బండి తయారైంది. రెండు సీట్ల ఓపెన్ కార్లలో ఇంతగా అమ్ముడైనది ఇంకోటి లేదు.

ఇంత చరిత్ర చెప్పాక మా నాయిన అన్న మాట: "అయితే మాత్రం? వాన పడితే ఏం జేస్తవ్?"

అదే అసలు సమస్య. వాన పడితే తడుస్తున్నాను :)

మేముండేది నార్త్ కరోలినాలోని కేరీలో. ఇంటి చుట్టూ పైన్ చెట్లు. వానలకు కొదవలేదు. నా బండి టాపు వెనక ప్లాస్టిక్ కిటికీ కామెర్లొచ్చిన కన్నులా పచ్చబడిపోయింది. డ్రైవర్ భుజం వెనక కుట్టు ఊడి జానెడు చిరిగితే డక్ట్ టేప్ అంటించాను. వాన పడిన ప్రతిసారీ సీట్ల వెనక కార్పెట్ చిత్తడి, ఆ మర్నాడు ముక్కిన వాసన. కాబట్టి నా నిర్ధారణ: టాపు కారుతోంది, కొత్తది వెయ్యాలి. షాపులో అడిగితే టాపు ధర ఎంతో, బిగించే కూలి కూడా ఇంచుమించు అంతే చెప్పారు. మనం సాఫ్ట్‌వేరు ఇంజినీర్లం కదా, నాలుగు వీడియోలు చూశాక మనకి రానిదంటూ ఉండదు. టాపు మాత్రం తెప్పించుకున్నాను. మూడు నెలలుగా ఆ డబ్బా గరాజు గోడకు ఆనించి ఉంది. మా ఆవిడ దానిమీద గొడుగులు ఆరబెడుతోంది.

ఇక మా నాయిన గురించి. ఆయనకి డెబ్భై రెండేళ్ళు. కొల్లాపూర్‌లో జీపు నడిపేవాడు. కొల్లాపూర్ నుంచి సోమశిలకి తొమ్మిది పది కిలోమీటర్లు. కృష్ణ ఒడ్డు దాకా జీపు, అక్కణ్ణుంచి అవతలి సిద్ధేశ్వరం వైపు పడవ. శివరాత్రికి, కార్తీకమాసానికి, పుష్కరాలకి జనాన్ని కుక్కి కుక్కి తీసుకెళ్ళేవాడు. 2004 పుష్కరాలప్పుడు పన్నెండు రోజులూ ఇంటికి కేవలం స్నానానికి వచ్చాడు. 2016 పుష్కరాలు అయ్యాక చూపు సరిగా ఆనడం లేదని జీపు అమ్మేశాడు. రెండేళ్ళ కింద అమ్మ పోయింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఒక్కడే.

ఆర్నెల్లు ఉండేట్టు తీసుకొచ్చాను. పైకి చెప్పింది ఆర్నెల్లే గానీ నా లెక్క వేరే ఉంది. ఇక్కడ అలవాటు పడితే, మెల్లగా ఇక్కడే ఉండిపోయే ఏర్పాటు చూడాలని. కొల్లాపూర్ ఇల్లు అమ్మేయాలని. సోమశిల దగ్గర కృష్ణ మీద వంతెనకి 2022లో కేంద్రం మంజూరు ఇచ్చినప్పటి నుంచీ అక్కడ ధరలు పెరుగుతాయని చుట్టాలందరూ చెబుతున్నారు. ఒకాయన నాకు నేరుగా ఫోన్ చేసి బేరం కూడా మొదలెట్టాడు. ఆ సంగతి నాయినకి ఇంకా చెప్పలేదు.

మన నాన్నలు అమెరికా వస్తే ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. మొదటి వారం షాపింగ్ మాల్, రెండో వారం గుడి, మూడో వారం నుంచి కిటికీ దగ్గర కుర్చీ. నాలుగో వారం మా నాయిన తనంతట తానే గరాజులోకి వెళ్ళాడు. ఆ డబ్బా ఏంటని అడిగాడు. చెప్పాను.

"జీపు టాపు అసొంటిదేనా?"

"అదే నాయినా. కొంచెం చిన్నది."

ఆయన కళ్ళలో ఏదో వెలిగింది. అమ్మ పోయాక అది చూడటం అదే మొదటిసారి.

* * *

శనివారం పొద్దున డబ్బా విప్పబోతుంటే ఆపాడు. బండిని ఎండలోకి తియ్యమన్నాడు. వంటింట్లోంచి చెంబుడు నీళ్ళు తెచ్చి టాపు మీద వెనక వైపు నెమ్మదిగా పోశాడు.

"ఈ గుడ్డ మీద పడ్డ నీళ్ళు యాడికి పోతయి?"

"కిందికి."

"కిందికి అంటే యాడికి?"

నేను ఆఫీసులో కొత్త పిల్లల్ని రోజూ "ఎర్రర్ ఎక్కడొచ్చిందో కాదు, ఎందుకొచ్చిందో చెప్పు" అని పీడిస్తుంటాను. నా బండి మీద పడ్డ వాన ఎటు పోవాలో నాలుగేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు.

సీట్లు ముందుకి వంచి, వెనక కార్పెట్ ఎత్తి, టార్చిలైటు వేసి చూశాం. ఈ బండి కట్టుబడిలో ఒక విషయం ఉంది. టాపు వెనక అంచు బాడీకి అతుక్కునే చోట నీళ్ళని పూర్తిగా ఆపే ఏర్పాటు లేదు. అంచు దాటి వచ్చే నీళ్ళు లోపల ఒక ప్లాస్టిక్ కాలువలో పడతాయి. ఆ కాలువ రెండు చివర్లా, సీటుబెల్టులు పుట్టే చోట, రెండు తూములుంటాయి. అక్కణ్ణుంచి గొట్టాల్లో దిగి వెనక చక్రాల ముందు నేలమీద పడాలి. నా బండి తూముల్లో పైన్ చెట్ల సూదుల్లాంటి ఆకులు, మట్టి కలిసి గూడు కట్టుకుని ఉన్నాయి. నాకు ముందు ఎంతమంది చేతులు మారిందో గానీ, ఒక్కరూ చూసినట్టు లేదు. నేనూ చూడలేదు. నీళ్ళు పోవడానికి దారి లేక కార్పెట్ మీదకి పొంగుతున్నాయి. ఇలాగే వదిలేస్తే కింద రేకు లోపలినుంచి తుప్పు పట్టిపోతుంది. ఈ మోడల్ బండ్లు చాలా వరకు చచ్చేది అక్కడే.

మెత్తటి వైరు పెట్టి మెల్లగా పొడిచి, నీళ్ళు పోశాం. మొదట నల్లగా, తర్వాత ఎర్రగా, చివరికి తేటగా కింద పడ్డాయి. మా చిన్నాడు బండి కింద పడుకుని "తాతా, వస్తున్నాయి!" అని కేకలు.

నాయిన తల ఆడించి ఒక మాటన్నాడు. "కప్పు అంటే నీళ్ళు ఆపేదనుకుంటున్నవు. కాదు. నీళ్ళకు దోవ చూపేది. మిద్దె మీద తూము మూసుకపోతే మిద్దె కూలదు, గోడ కూలుతది."

"అయితే కొత్త టాపు అక్కర్లేదంటావా?"

"చినిగింది చినిగిందే గద. అదీ మార్చాలె. కానీ ఇది చూడకుండ అది మారిస్తే, కొత్త టాపు కింద తడుస్తుంటివి."

మన ఫీల్డులో ఈ పని ఎన్నిసార్లు చేసి ఉంటామో లెక్కేసుకోండి. పాత సిస్టం కారుతోందని కొత్తది కొంటాం. తూము మాత్రం ఎవడూ చూడడు.

* * *

పాత టాపు విప్పడం ఒక పూట పని. వెనక మూడు రేకు పట్టీలు గుడ్డని బాడీకి అదిమి పట్టి ఉంచుతాయి. వాటికి వరసగా పది మిల్లీమీటర్ల నట్లు. డిక్కీకి, సీట్లకి మధ్యన చెయ్యి వంచి, చూపు ఆనని చోట ఒక్కోటి విప్పాలి. వేళ్ళ చర్మం లేచిపోయింది. తర్వాత ఫ్రేముకి పక్కకి మూడేసి బోల్టులు. అవి విప్పి, ఇద్దరం చెరో వైపు పట్టుకుని చట్రం మొత్తం ఎత్తి, మంచం మీద శవాన్ని దించినట్టు బల్ల మీదకి దించాం. (ఈ పోలిక మా ఆవిడకి నచ్చలేదు. ఆ బల్ల మీదే ఆమె మొక్కలు పెట్టుకుంటుంది.)

నేను పద్ధతి ప్రకారం చేశాను. ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీశాను. నట్లన్నీ జిప్పు కవర్లలో వేసి పేర్లు రాశాను. నాయిన మాత్రం ఒక స్కెచ్‌పెన్ను తీసుకుని పట్టీల మీద గీతలు గీస్తున్నాడు. మొదటిదానికి ఒక గీత, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు. అది తగిలే చోట బాడీ మీద మాస్కింగ్ టేపు అంటించి దానిమీద కూడా అన్నే గీతలు.

"ఫొటోలున్నాయి కదా నాయినా?"

"చేతిల స్క్రూడ్రైవర్ ఉన్నప్పుడు ఫొటో ఎవడు చూస్తడు?"

నిజమే. తిరిగి బిగించేటప్పుడు ఒక్క ఫొటో కూడా చూడలేదు. గీతలే చూశాం.

ముందు రివెట్లు డ్రిల్లుతో తీసేసి, పక్కన బిగువు పట్టి ఉంచే సన్నటి తీగెలు జాగ్రత్తగా లాగి, గుడ్డని చట్రం నుంచి వేరు చేశాం. నేను దాన్ని చుట్టచుట్టి చెత్త డబ్బా వైపు తీసుకెళ్తుంటే నాయిన నిజంగానే కసిరాడు.

"అది పారేస్తవా? అదే నీ కొలత!"

పాతది నేల మీద పరిచి, దాని మీద కొత్తది పరిచి, అంచులు కలిపి చూశాడు. తయారీదారు కొత్త గుడ్డ అంచుకి కొన్ని చోట్లే రంధ్రాలు వేసి ఇచ్చాడు. మిగతావి మనం వేసుకోవాలి. ముప్ఫై ఏళ్ళుగా ఆ చట్రం మీద లాగబడి, సాగి, కుదురుకున్న పాత గుడ్డ ఏ చోట ఎంత పట్టిందో తానే చెబుతోంది. ఆ మడతల ప్రకారం నాయిన చాక్‌పీసుతో గుర్తులు పెట్టాడు. పాత కోడ్ చెత్త అని మొదటి రోజే తీసి పడేసే వాళ్ళని నేను చాలామందిని చూశాను. పాతికేళ్ళ కింద నేనూ అదే బాపతు. ఆ కోడ్‌లో పిచ్చిగా కనబడే ప్రతి 'ఇఫ్' వెనక ఎక్కడో ఒక వాన పడిన రోజు ఉంటుంది.

కొత్త టాపు గురించి ఒక మాట. వెనక గాజు కిటికీ ఉన్నవి కూడా దొరుకుతాయి. అందరూ అదే వేయించమన్నారు. నేను మొదట్నుంచీ ఉన్నట్టు జిప్పున్న ప్లాస్టిక్ కిటికీదే తీసుకున్నాను. టాపు మడిచేముందు జిప్పు విప్పి కిటికీని పడుకోబెట్టాలి. చలిలో మడిస్తే పగులుతుంది. అది నిజంగా తలనొప్పే. కానీ ఆ ఇబ్బంది కూడా బండిలో భాగమే అనిపించింది. నాయినకి మాత్రం ఇది చూసి సంతోషం. "మన జీపుకు ఎనక గిట్లనే ప్లాస్టిక్ ఉండె. ఎండకు పచ్చగయ్యేది. ఏడాదికోసారి మార్చేది."

మియాటా అభిమానులకి ఇంకో కబురు. జపాన్‌లో మాజ్దా వాళ్ళే ఈ మొదటి తరం బండ్లని తిరిగి బాగుచేసి ఇచ్చే సర్వీసు ఒకటి 2017లో ప్రకటించారు. దానికోసం ఆనాటి గుడ్డ టాపుని కూడా మళ్ళీ తయారు చేశారు. ముప్ఫై ఏళ్ళ కింద అమ్మిన వస్తువుకి విడిభాగం ఇంకా ఇస్తామనడం చిన్న విషయం కాదు. మనం ఐదేళ్ళ కింద రాసినదానికే సపోర్టు లేదని చెబుతున్నాం.

* * *

బిగించడం దగ్గర గర్వభంగం జరిగింది. ముందు అంచుకి రివెట్లు వేసే పని నేను తీసుకున్నాను. ఎడమ చివర నుంచి మొదలుపెట్టి కుడి చివరకి వచ్చాను. చివరికొచ్చేసరికి గుడ్డ ఒక సెంటీమీటరు పక్కకి జరిగి ఉంది. మడత పడింది. వేసిన రివెట్లన్నీ డ్రిల్లు పెట్టి మళ్ళీ తీశాను. నాయిన అంతసేపూ పక్కనే నిలబడి చూశాడు, ఏమీ అనలేదు.

"ముందే చెప్పొచ్చు కదా?"

"నువ్వడగలే గద."

తర్వాత తను చెప్పింది ఇదీ. ముందు నడుమ పట్టాలి. ఆ తర్వాత కుడికి ఒకటి, ఎడమకి ఒకటి. మళ్ళీ కుడికి, మళ్ళీ ఎడమకి. అంచులు ఆఖర్న. ఏ ఒక్కచోటా మొదటే పూర్తిగా బిగించకూడదు. అన్నీ సగం సగం పట్టుకున్నాక, చుట్టూ తిరిగొచ్చి బిగించాలి. జీపు టాపుకైనా, నులక మంచానికైనా, లారీ మీద తాటిపత్రికైనా ఇదే లెక్కట. ఆయన జీపు టాపు ఏటా మిరుగు కార్తెకి ముందు తానే సరిచేసుకునేవాడు. దబ్బనం, మైనం పట్టించిన పురికొస, రెండు గజాల కాన్వాసు, అంతే సరంజామా. చిన్నప్పుడు ఆ దబ్బనం గుచ్చుకుని నేను ఏడ్చింది నాకు గుర్తుంది. ఆయన కుట్టింది మాత్రం గుర్తులేదు.

వెనక అంచుని బాడీ మీది బోల్టులకి ఎక్కించడం అన్నిటికన్నా కష్టం. కొత్త గుడ్డ బిగుసుగా ఉంటుంది, అందదు. "ఎండల పెట్టు, అదే వస్తది" అన్నాడు నాయిన. బండిని వాకిట్లో నిలిపి, సగం బిగించిన టాపుతో ఎండలో వదిలేశాం. జూన్ ఎండ. ఇద్దరం గరాజు నీడలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. మా ఆవిడ మజ్జిగ ఇచ్చి వెళ్ళింది.

ఆ ఖాళీలో నేను ఇంటి విషయం ఎత్తాను. ఇంతకన్నా మంచి సమయం దొరకదనుకున్నాను. ఎవరో అడుగుతున్నారని, మంచి ధర వస్తోందని, ఒక్కడివే అంత ఇంట్లో ఎందుకని, ఇక్కడ పిల్లలు నీకు అలవాటయ్యారని. ప్రాజెక్ట్ ప్రపోజల్ చెప్పినట్టు పాయింట్లుగా చెప్పాను.

ఆయన చాలాసేపు టాపు వైపే చూశాడు. తర్వాత, "ఆ దూలాల మీద గాట్లు ఎప్పుడన్న చూసినవా?" అని అడిగాడు.

చూశాను. కొల్లాపూర్ ఇంట్లో నడిమి గది మిద్దెకి టేకు దూలాలుంటాయి. చిన్నప్పుడు జ్వరమొచ్చి మంచం మీద పడుకుంటే వాటినే చూస్తూ ఉండేవాణ్ణి. ఒక్కో దూలం చివర ఉలితో కొట్టిన గాట్లు. ఒకదానికి ఒకటి, ఇంకోదానికి రెండు. వడ్రంగి లెక్కలేమో అనుకునేవాణ్ణి.

"అవి మన పాత ఇంటివి. నేనే కొట్టిన."

మా పాత ఊరు సోమశిల పక్కనే, కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగింది. ఒక్క మాదే కాదు, అటు కర్నూలు జిల్లా, ఇటు పాలమూరు జిల్లా కలిపి వందకు పైగా ఊళ్ళు. నాకు మూడేళ్ళప్పుడు, 1981 ఎండాకాలంలో ఖాళీ చేశామని మాత్రం తెలుసు. ఎలా ఖాళీ చేశామో ఎప్పుడూ అడగలేదు. "నువ్వడగలే గద" అన్న మాట ఇక్కడ కూడా వర్తిస్తుంది.

వానలొస్తే నీళ్ళొస్తాయి, ఆ లోపల ఇళ్ళు పడగొట్టేస్తారు అని తెలిశాక, మట్టిలో కలిసేముందే కలప దక్కించుకోవాలని ఎవరి ఇల్లు వాళ్ళే విప్పుకున్నారట. తాత, నాయిన, చిన్నాయిన కలిసి మిద్దె మీద మట్టి తోడేసి, దూలాలు దించారు. పది దూలాలు. కలిసిపోకుండా వరస తెలియాలని నాయిన ఒక్కోదానికి ఉలితో గాట్లు కొట్టాడు. ఎడ్లబండి మీద కొల్లాపూర్‌కి ఐదు తిప్పలు. గడప, తలుపులు ఆఖరి తిప్పలో వచ్చాయట. గడప తీశాక నాయనమ్మ ఆ ఖాళీ చోట పసుపు కుంకుమ పెట్టి బండెక్కిందని చెప్పాడు.

"పైన కప్పు తీసినంక ఇంట్ల నిలబడితే ఎట్లుంటదో తెలుసునా? ఎండ నేరుగ పొయ్యి మీద పడుతుండె. అంత ఎలుగుల ఆ ఇంటిని ఎన్నడు చూడలే."

నేనేం మాట్లాడలేదు.

గుళ్ళని కూడా అలాగే తరలించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి, నంబర్లు వేసి, అలంపురంలో మళ్ళీ కట్టారు. సోమశిల సోమేశ్వరుడి గుళ్ళు కూడా ముంపు నుంచి తప్పించి గట్టు మీదకి తెచ్చినవే. నేను ఇంజినీరింగ్ చదివేటప్పుడు ఆ విషయం గొప్పగా దోస్తులకి చెప్పేవాణ్ణి. మా ఇల్లు కూడా అదే పద్ధతిలో తరలివచ్చిందని, దానికి ఇంజినీరు మా నాయినేనని నలభై ఏడేళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు.

"అమ్ముకో. నేను కాదనలే" అన్నాడు చివరికి. "నీకు అక్కెర లేనిది నేను మోయమంటనా? కానీ అమ్మేముందు దూలాలు విప్పుకొని పో. కొన్నోడు స్లాబు ఏసుకుంటడు. వాటిని కట్టెల కింద అమ్ముతడు."

అని లేచి, టాపు మీద చెయ్యి వేసి చూశాడు. "మెత్తబడ్డది. పట్టు."

ఇద్దరం చెరో వైపు పట్టి లాగితే, పొద్దుటి నుంచి అందని అంచు ఒక్కో బోల్టు మీదకి దానంతట అదే ఎక్కింది. నడుమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఒక గీత పట్టీ ఒక గీత దగ్గర, రెండు గీతల పట్టీ రెండు గీతల దగ్గర. సాయంత్రం ఆరింటికి ముందు గొళ్ళాలు రెండూ పడ్డాయి. మొదటిసారి గొళ్ళెం వెయ్యడానికి మోకాలు పెట్టి లాగాల్సొచ్చింది. కొత్త టాపుని కొన్నాళ్ళు మడవకూడదు, చట్రం మీద కుదురుకోవాలి. రెండు వారాలు అలాగే ఉంచాం. మూడో వారం టాపు తీసి నాయిన్ని పక్కన కూర్చోబెట్టుకుని జోర్డాన్ లేక్ దాకా వెళ్ళాను. దారంతా తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. దిగాక ఒకటే మాట: "జీపుకన్న మెత్తగ పోతున్నది. కానీ పదిమందిని ఎక్కించుకోవస్తదా?"

* * *

ఆర్నెల్లు అయ్యాక ఒక్క రోజు కూడా ఎక్కువ ఉండలేదు. నేనూ అడగలేదు. సంక్రాంతికి నేను పిల్లలతో కొల్లాపూర్ వెళ్ళాను. ఆటోలో సోమశిల వెళ్ళాం. జనవరిలో నీళ్ళు నిండుగానే ఉన్నాయి. ఘాట్ మెట్ల మీద నిలబడి నాయిన అవతలి గుట్ట చూపించి, దానికి సూటిగా ఇక్కడికి ఎంత దూరం వస్తే మా ఊరో, ఊళ్ళో మా ఇల్లు ఏ దిక్కో పిల్లలకి చేత్తో చూపించాడు. మా చిన్నాడు అడిగాడు, "తాతా, ఇప్పుడు ఆ ఇంటికి రూఫ్ లేదా?" అని.

"లేదు బిడ్డ. రూఫ్ మనింట్ల ఉన్నది."

ఆ రాత్రి నడిమి గదిలో పడుకుని టార్చి వేసి గాట్లు లెక్కపెట్టాం, నేనూ పిల్లలూ. ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఆ తర్వాత ఆరు, ఆ తర్వాత ఐదు, తర్వాత ఏడు. ఐదూ ఆరూ తారుమారయ్యాయి. పొద్దున నాయిన్ని అడిగితే నవ్వాడు. "ఆ రెండు ఎక్కించేసరికి చీకటి పడ్డది. మల్ల దించే ఓపిక లేకుండె. నలభై ఏండ్లు దాటింది, ఎవ్వరు పట్టలే. నువ్వే పడితివి."

మర్నాడు మిద్దె ఎక్కి తూములు చూశాను. రెండింట్లో ఒకటి మూసుకుపోయి ఉంది. ఆ కింద గోడ చెమ్మగిల్లి పెచ్చులూడుతోంది. ఒక మనిషిని పెట్టి శుభ్రం చేయించాను. ఫోన్ చేసిన ఆయనకి ఇప్పుడు కాదని చెప్పాను. ఎప్పటికీ అమ్మనని అనను. రేపు ఏమవుతుందో, నాయిన ఒక్కడే ఎన్నాళ్ళు ఉండగలడో నాకు తెలియదు. ఆ ప్రశ్న ఇంకా అలాగే ఉంది. కానీ ఈసారి నేను అమ్మాలనుకున్నది ఏంటో తెలిసి ఆలోచిస్తున్నాను.

మియాటా టాపు ఇప్పటిదాకా కారలేదు. కారితే ముందు తూము చూస్తాను.